ఎర్ర గీత మీద ఆరు పేర్లు

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం పోస్టు డబ్బా తెరిస్తే, పిజ్జా కూపన్లకీ కరెంటు బిల్లుకీ మధ్య కౌంటీ కోర్టు వారి కవరు కనిపించింది. జ్యూరీ డ్యూటీ. అమెరికాలో కొన్నాళ్ళున్న మనవాళ్ళందరికీ ఈ కవరు సుపరిచితమే. నేను హెచ్ వన్ మీద ఉన్న రోజుల్లో కూడా రెండు సార్లొచ్చింది. డ్రైవింగు లైసెన్సుల జాబితాలోంచి పేర్లు లాగుతారు కాబట్టి అందులో ఎవరు పౌరులో ఎవరు కారో వాళ్ళకి తెలీదు. 'నేను ఈ దేశ పౌరుణ్ణి కాను' అన్న గడిలో టిక్కు పెట్టి తిప్పి పంపేస్తే గొడవ వదిలిపోయేది.

పౌరసత్వం వచ్చాక ఆ సౌకర్యం పోయింది. అప్పుడొచ్చిన మొదటి పిలుపుకి, మా మేనేజరు చేత "ఇతను లేకపోతే రిలీజు ఆగిపోతుంది" అని ఉత్తరం రాయించుకుని తప్పించుకున్నాను. నేను లేకపోతే ఏ రిలీజూ ఆగదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఈసారీ అదే పని చేద్దామనుకుంటూ కవరు ఫ్రిజ్ మీద పడేశాను. మిత్రులు సలహాలు కూడా ఇచ్చారు. ఇంగ్లీషు సరిగ్గా రాదని చెప్పమని ఒకడు, పోలీసులంటే నాకు నమ్మకం లేదని చెప్తే వాళ్ళే పంపించేస్తారని ఇంకొకడు. ఇరవయ్యేళ్ళుగా కాన్ఫరెన్సు కాల్సులో మాట్లాడేవాడు కోర్టుకెళ్ళి ఇంగ్లీషు రాదని చెప్పడం.. హతవిధీ!

ఆ ఆదివారం మా అమ్మాయితో కూర్చుని 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' సినిమా చూశాను. తను తొమ్మిదో తరగతి. నవల స్కూల్లో పాఠంగా ఉంది. నవలకీ సినిమాకీ తేడాల మీద వ్యాసం రాయాలట. ఆ వ్యాసం సంగతేమో గానీ ఆ సినిమా పుణ్యమా అని నేను వారం రోజులు రాత్రిళ్ళు పాత కోర్టు తీర్పులు చదువుతూ కూర్చున్నాను. ఆ చదివిందే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, భరించండి.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. హార్పర్ లీ నవల 1960లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. 1962 డిసెంబరులో సినిమా వచ్చింది. దర్శకుడు రాబర్ట్ మల్లిగన్, నిర్మాత అలన్ పకులా, స్క్రీన్‌ప్లే హార్టన్ ఫూట్. అలబామాలో మేకంబ్ అనే కల్పిత ఊరు, పందొమ్మిదొందల ముప్ఫైలు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద ఒక తెల్లమ్మాయిని చెరిచాడని కేసు. అతని తరఫున వాదించే తెల్ల లాయరు ఆటికస్ ఫించ్. ఇదంతా ఆయన కూతురు, ఆరేళ్ళ స్కౌట్ కళ్ళతో చూస్తాం. టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నింగు మిషన్లో పడి నలిగిపోయింది, పనికిరాదు. ఆ అమ్మాయి మొహానికి తగిలిన దెబ్బలేమో ఎడమచేతివాటం వాడు కొట్టినవి. అక్కడితో కేసు తేలిపోవాలి. కానీ పన్నెండు మంది జ్యూరీ లోపలికెళ్ళి వచ్చి దోషి అంటారు.

నేనీ సినిమా మొదటిసారి చూసింది 2004లో. పెళ్ళి కాకముందు, కౌంటీ లైబ్రరీలో తెచ్చుకున్న డీవీడీ. తీర్పు అయ్యాక కింద హాలు ఖాళీ అయిపోతుంది. ఆటికస్ ఒక్కడే కాయితాలు సర్దుకుంటూ ఉంటాడు. పైన బాల్కనీలో, నల్లవాళ్ళకి కేటాయించిన చోట, జనం కదలరు. ఆయన నడిచి వెళ్తుంటే అందరూ నిశ్శబ్దంగా లేచి నిలబడతారు. పిల్లని కూడా లేచి నిలబడమని పాస్టరుగారు చెప్తాడు. ఆ రాత్రి అపార్టుమెంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు. గ్రెగరీ పెక్‌కి ఆ పాత్రకి ఆస్కార్ వచ్చింది. 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అమెరికన్ సినిమా నాయకులందరిలోకీ మొదటి స్థానం ఆటికస్‌కే ఇచ్చారు. అదే నెలలో పెక్ పోతే అంత్యక్రియల సభలో మాట్లాడిన వాళ్ళలో టామ్ రాబిన్సన్ వేషం వేసిన బ్రాక్ పీటర్స్ ఒకడు.

ఈసారి ఆ సీనుకి నాకు కన్నీళ్ళు రాలేదు. కారణం మా అమ్మాయి. ఆటికస్ చివరి వాదన నడుస్తుంటే రిమోట్ లాక్కుని ఆపేసింది.

"నాన్నా, ఈయన చెప్పేది వాళ్ళందరికీ అర్థమౌతోంది కదా?"

"అవుతోంది."

"మరి వాళ్ళెవరు? అందరూ ఒకేలా ఉన్నారేంటి? వీళ్ళని ఎవరు కూర్చోబెట్టారు?"

నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళలో ఈ సినిమా మూడుసార్లు చూసి కూడా ఆ పన్నెండు మంది మొహాలు నేను చూళ్ళేదు. చూడక్కర్లేకుండా తీశారు మరి. పొలాల్లోంచి వచ్చినట్టున్న తెల్లవాళ్ళు, బిగుసుకుపోయి కూర్చుంటారు. చివర్లో ఒక్కడికి ఒక్క వాక్యం ఉంది. పేర్లు లేవు. కెమెరా మోజంతా పెక్ మీదే.

ఎవరు కూర్చోబెట్టారు? ఈ ప్రశ్న సినిమా అడగదు. నవల కొంత అడుగుతుంది.

మన దేశంలో జ్యూరీలు ఎప్పుడో పోయాయి కాబట్టి (1959 నానావతి కేసులో బొంబాయి జ్యూరీ చేసిన నిర్వాకం చాలామందికి తెలిసే ఉంటుంది) ఈ పద్ధతి గురించి కాస్త చెప్పాలి. ఇక్కడ నేరం చేశాడా లేదా తేల్చేది జడ్జి కాదు, పన్నెండు మంది మామూలు జనం. ఆ పన్నెండు మందిని ఎంచడానికి ముందు ఒక పెద్ద జాబితా ఉంటుంది. ముప్ఫైల్లో అలబామాలో ఆ జాబితా తయారు చేసేది కౌంటీకొక జ్యూరీ కమిషను. చట్టంలో ఎక్కడా 'నల్లవాళ్ళు వద్దు' అని లేదు. అలా రాస్తే రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1880లోనే చెప్పింది. అందుకని 'నిజాయితీ, తెలివితేటలు, మంచి నడవడి ఉన్నవాళ్ళు' అని రాసుకున్నారు. ఆ మూడూ ఎవరికున్నాయో కమిషనర్లు నిర్ణయిస్తారు. ఎవరిలో కనపడ్డాయో వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళని మాత్రం చట్టమే వద్దంది. అది 1966లో ఫెడరల్ కోర్టు కొట్టేసేదాకా నడిచింది.

ఇప్పుడు అసలు కథ. 1931 మార్చి 25న అలబామాలో పెయింట్ రాక్ అనే చోట ఒక గూడ్సు బండి ఆపి, తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళని దింపారు. అందరిలోకీ చిన్నవాడికి పదమూడేళ్ళు. అదే బండిలో ఉన్న ఇద్దరు తెల్లమ్మాయిలు తమని చెరిచారని చెప్పారు. దాదాపు రెండు వారాల్లోనే స్కాట్స్‌బరో ఊళ్ళో విచారణలు జరిగి, తొమ్మిదిలో ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. లాయరు అనేవాడు పేరుకే ఉన్నాడని 1932లో సుప్రీంకోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. మళ్ళీ మొదలు. ఈసారి న్యూయార్కు నుంచి శామ్యూల్ లైబోవిట్జ్ అనే పెద్ద లాయరొచ్చాడు. 1933లో హేవుడ్ ప్యాటర్సన్ విచారణలో, ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకామె బోనెక్కి, అసలేం జరగలేదు, అబద్ధం చెప్పామంది. అయినా జ్యూరీ దోషి అనే చెప్పింది. జడ్జి జేమ్స్ హార్టన్ అనే ఆయన సాక్ష్యాలన్నీ తూచి చూసి, ఈ తీర్పు నిలవదని పక్కన పెట్టేశాడు. మరుసటి ఏడు ఎన్నికల్లో ఓడిపోయాడు (అక్కడ జడ్జీలకీ ఎన్నికలే). ఆటికస్ అని మనం దండం పెడుతున్నాం గానీ, నన్నడిగితే హార్టన్‌కి పెట్టాలి. ఆయన సినిమాలో మనిషి కాదు, నిజంగా ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

లైబోవిట్జ్ అప్పటికి ఒక సంగతి గ్రహించాడు. ఎంత బాగా వాదించినా లాభం లేదు, వినేవాళ్ళు వాళ్ళే అయినంతకాలం. అందుకని సాక్ష్యాల్ని వదిలి జాబితా మీద పడ్డాడు. మీ జ్యూరీ జాబితాలో ఒక్క నల్లజాతి పేరన్నా ఉందా చూపించండన్నాడు. ఈ కౌంటీలో నల్లవాడు జ్యూరీలో కూర్చోవడం ఎవరి జ్ఞాపకంలోనూ లేదని సాక్షులు చెప్పారు. పోనీ పనికొచ్చేవాళ్ళు లేరా అంటే, చదువుకున్న నల్లజాతి వాళ్ళని వరసగా బోనెక్కించాడు.

అప్పుడు జాక్సన్ కౌంటీ వాళ్ళు పెద్ద పెద్ద రిజిస్టర్లు పట్టుకొచ్చారు. ఉన్నాయండీ, ఇవిగో పేర్లన్నారు. నిజమే, ఆరు నల్లజాతి పేర్లున్నాయి. డేటాబేసుల్లో పనిచేసే మిత్రులు ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఆ జాబితా ఊరి వారీగా అక్షర క్రమంలో రాసుంది. ఈ ఆరు పేర్లు మాత్రం అక్షర క్రమంలో తమ చోట్లో లేవు, ఆయా జాబితాల చిట్టచివర ఉన్నాయి. వాటి కిందే ఒక ఎర్ర గీత ఉంది. ఆ గీత కథ ఏంటంటే, 1931లో కొత్త కమిషను వచ్చాక, పాతవాళ్ళు రాసింది ఎక్కడిదాకానో గుర్తుండాలని, పాత జాబితా అయిపోయిన చోట కొత్త గుమాస్తా చేత గీయించారు. కొత్త పేర్లు గీత కింద నుంచి మొదలౌతాయి. ఈ ఆరూ గీత పైనున్నాయి కాబట్టి పాత జాబితాలోవేనని వాళ్ళ వాదన.

లైబోవిట్జ్ చేతిరాత నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయన చూసి, పేర్లు రాశాక గీత గీయలేదు, గీత గీశాక దాని మీద పేర్లు రాశారని చెప్పాడు. సిరా మీద సిరా పడింది. అంటే కేసు మొదలయ్యాక ఎవరో తీరిగ్గా కూర్చుని పాత పేజీల్లో ఆరుగురు నల్లవాళ్ళని ఇరికించారన్నమాట. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌డేటెడ్ ఎంట్రీ. ఆ నిపుణుణ్ణి అవతలి లాయరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కానీ హార్టన్ స్థానంలో వచ్చిన జడ్జి కాలహాన్ మాత్రం, అధికారులు అలాంటి పని చేశారని నేననుకోనని తోసిపుచ్చాడు.

కేసు మళ్ళీ సుప్రీంకోర్టుకెక్కింది. పేర్లు దొంగతనంగా రాశారని లైబోవిట్జ్ అంటే, రుజువు చూపించగలరా అని ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ అడిగాడట. ఆయన రిజిస్టర్లు వెంట తెచ్చుకున్నాడు, భూతద్దం కూడా! జడ్జీలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆ భూతద్దం పెట్టి ఎర్ర గీత చూశారు. దేశంలోనే అత్యున్నత న్యాయస్థానం వంగి కూర్చుని ఒక గుమాస్తా పుస్తకంలో సిరా పొరలు చూడటం.. ఈ సీను ఏ సినిమాలో ఉన్నా నేను టిక్కెట్టు కొని చూస్తాను. 1935 ఏప్రిల్ 1న క్లారెన్స్ నోరిస్ కేసులో తీర్పొచ్చింది. తరాల తరబడి ఒక్క నల్లవాణ్ణి కూడా పిలవకపోవడం యాదృచ్ఛికం కాదు, ఈ శిక్ష చెల్లదు అని.

హార్పర్ లీ నవల్లో టామ్ రాబిన్సన్ విచారణ ఏ సంవత్సరమో లెక్కేసుకుంటే 1935 వేసవి తేలుతుంది (సినిమా 1932 అని మొదలుపెడుతుంది, అది వేరే లెక్క). అంటే ఈ తీర్పొచ్చిన కొద్ది నెలలకే. ఆ విషయం తెలిశాక ఆ కోర్టు హాలు నాకు వేరేలా కనపడింది. టామ్ రాబిన్సన్‌కి అన్యాయం జరిగింది జ్యూరీ లోపలికెళ్ళి తలుపేసుకున్నప్పుడు కాదు. అంతకు చాలా ముందు, ఎక్కడో ఒక గదిలో ఎవరో జాబితా రాసుకుంటున్నప్పుడు జరిగిపోయింది. ఆటికస్ లేచి నిలబడేసరికే తీర్పు రాసి ఉంది. ఆయన వాదన అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ ఆయన కూడా 'ఈ జ్యూరీలో నల్లవాడేడీ' అని అడగడు. లైబోవిట్జ్ అడిగాడు, గెలిచాడు. ఆటికస్ వాళ్ళ మంచితనానికి విజ్ఞప్తి చేశాడు, ఓడిపోయాడు. మనకేమో ఓడిపోయినాయనే మహానాయకుడు!

అంత గెలిచి స్కాట్స్‌బరో కుర్రాళ్ళకి ఒరిగిందేంటి అంటారా? అదే ఏడు మళ్ళీ చార్జిషీటు వేసిన గ్రాండ్ జ్యూరీలో ఒకే ఒక్క నల్లజాతి మనిషిని కూర్చోబెట్టారు. అక్కడ మూడింట రెండొంతుల ఓటు చాలు, కాబట్టి ఆయన ఉన్నా లేనట్టే. 1936 జనవరిలో ప్యాటర్సన్ విచారణకి నల్లవాళ్ళని పిలిచారు గానీ ఒక్కళ్ళూ కుర్చీ దాకా చేరలేదు. డెబ్భై అయిదేళ్ళ శిక్ష పడింది. ఆదేశాన్ని పాటిస్తూనే పాటించకపోవడం ఎలాగో వాళ్ళని చూసి నేర్చుకోవాలి. క్లారెన్స్ నోరిస్‌కి క్షమాపణ పత్రం అందింది 1976లో. దాని మీద సంతకం పెట్టిన గవర్నరెవరో తెలుసా? జార్జ్ వాలెస్! ఈయన మళ్ళీ వస్తాడు.

హార్పర్ లీకి జ్యూరీల సంగతి ఇంట్లోనే తెలుసు. వాళ్ళ నాన్న ఏ.సీ. లీ మన్రోవిల్ అనే చిన్న ఊళ్ళో లాయరు. 1919లో ఒక తెల్ల దుకాణదారుణ్ణి చంపారన్న కేసులో ఇద్దరు నల్లవాళ్ళ తరఫున వాదించాడు, ఇద్దరికీ ఉరి పడింది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు అదే ఊళ్ళో వాల్టర్ లెట్ అనే నల్లజాతి మనిషి మీద టామ్ రాబిన్సన్ మీద పెట్టినలాంటి కేసే నడిచింది. మరణశిక్ష వేసి, తర్వాత యావజ్జీవంగా మార్చారు. మతి చలించి, క్షయతో 1937లో పోయాడు.

అందుకే కాబోలు, నవల్లో తీర్పు తర్వాత ఆటికస్ కొడుకు జెమ్‌తో చాలాసేపు జ్యూరీ గురించే మాట్లాడతాడు. ఆడవాళ్ళు ఎందుకు లేరు, పల్లెటూళ్ళ వాళ్ళే ఎందుకుంటారు అని. మేకంబ్ ఊళ్ళో కాస్త చదువుకున్న పెద్దమనుషులెవరూ జ్యూరీకి రారట. కొందరికి ఆసక్తి లేదు, కొందరికి భయం. దుకాణం నడుపుకునేవాడికి రేపు ఎవరు కొనడం మానేస్తారోనని బెంగ. ఆ పేజీలు మా అమ్మాయి పుస్తకంలో చదువుతుంటే ఫ్రిజ్ మీద కవరు గుర్తొచ్చింది. 'ఇతను లేకపోతే రిలీజు ఆగిపోతుంది' అని ఉత్తరం రాయించుకున్న పెద్దమనిషిని నేనే కదా. ఇక్కడ ఎర్ర గీత ఎవరూ గీయలేదు. జాబితాలోంచి నా పేరు నేనే కొట్టేసుకున్నాను.

సినిమాలో ఆ సంభాషణ లేదు. రెండు గంటల పైచిలుకు సినిమాలో అన్నీ పెట్టలేరు, ఒప్పుకుంటాను. ఇంకో మార్పు కూడా ఉంది. నవల్లో జైలు నుంచి పారిపోబోయాడని టామ్‌ని కాపలావాళ్ళు కాలుస్తారు, ఒంట్లో పదిహేడు తూటాలు. సినిమాలో ఒక డిప్యూటీ గాయపరుద్దామని కాలిస్తే గురి తప్పిందని చెప్పించారు. పదిహేడు ఒకటయింది, కసి పొరపాటయింది. మా అమ్మాయి వ్యాసంలో ఇదొక్కటే రాసినా చాలనుకున్నాను.

ఊరి సెట్టు మాత్రం అద్భుతం. కళాదర్శకుడు హెన్రీ బమ్‌స్టెడ్ మన్రోవిల్ వెళ్ళి, పాత కోర్టు గది కొలతలు తీసుకొచ్చి, హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో అచ్చంగా అలాగే కట్టించాడు. ఆ సినిమాకొచ్చిన మూడు ఆస్కార్లలో కళాదర్శకత్వానిదొకటి. స్కౌట్‌గా వేసిన మేరీ బాదమ్, జెమ్‌గా వేసిన ఫిలిప్ ఆల్ఫర్డ్ ఇద్దరూ నిజంగా అలబామా పిల్లలే, బర్మింగ్‌హామ్ ఊరివాళ్ళు.

ఆ బర్మింగ్‌హామ్‌లో సరిగ్గా ఆ రోజుల్లో ఏం జరుగుతోందో చూడండి. 1963 జనవరి 14న జార్జ్ వాలెస్ అలబామా గవర్నరుగా ప్రమాణం చేసి, వర్ణ విభజన ఎప్పటికీ ఉంటుందని గర్జించాడు. ఏప్రిల్ 3న బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళ ఉద్యమం మొదలైంది. ఏప్రిల్ 8న కాలిఫోర్నియాలో గ్రెగరీ పెక్ ఆస్కార్ అందుకున్నాడు. నాలుగు రోజులకి మార్టిన్ లూథర్ కింగ్‌ని బర్మింగ్‌హామ్ జైల్లో పెట్టారు. మంచివాళ్ళమే గానీ ఇప్పుడే తొందరెందుకు అనే తెల్ల మితవాదుల మీద ఆయన ప్రసిద్ధమైన ఉత్తరం రాసింది అక్కణ్ణించే. మే నెల్లో స్కూలు పిల్లల మీదకి కుక్కల్నీ నీటి గొట్టాల్నీ వదిలారు. సెప్టెంబరు 15న చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. తమాషా ఏంటంటే, ఆ మరుసటేడు వచ్చిన తన పుస్తకంలో కింగ్ ఆటికస్ ఫించ్‌ని మెచ్చుకుంటూ ప్రస్తావించాడు, ఆయుధం లేకుండా గుంపుకి ఎదురునిలిచినందుకు. కాబట్టి సినిమాని నేను తీసిపారేస్తున్నాననుకోకండి.

ఆ ఏడు జూన్ 12న పక్క రాష్ట్రం మిసిసిపీలో మెడ్గార్ ఎవర్స్ అనే ఉద్యమ నాయకుణ్ణి ఇంటి ముందే కాల్చి చంపారు. బైరన్ డి లా బెక్‌విత్ అనేవాణ్ణి పట్టుకున్నారు. 1964లో రెండుసార్లు విచారణ, రెండుసార్లూ అంతా తెల్ల మగవాళ్ళున్న జ్యూరీ, రెండుసార్లూ తేల్చలేకపోయారు. వాడు దర్జాగా ఇంటికెళ్ళాడు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత 1994లో ఎనిమిది మంది నల్లవాళ్ళు, నలుగురు తెల్లవాళ్ళు ఉన్న జ్యూరీ దోషి అని తేల్చింది. కొత్త సాక్షులు కొందరొచ్చారు, నిజమే. కుర్చీలు కూడా మారాయి.

జాబితాలోకి పేర్లు రాకుండా ఆపడం కుదరదని తేలాక, జాబితాలోంచి వచ్చినవాళ్ళని గదిలో ఏరివేయడం మొదలైంది. ఇరుపక్షాల లాయర్లకీ కొందరిని కారణం చెప్పకుండానే వద్దనే హక్కుంది. 1965లో, అంటే సినిమా వచ్చిన మూడేళ్ళకి, అలబామా టల్లడేగా కౌంటీ కేసొకటి సుప్రీంకోర్టుకొచ్చింది. అక్కడ జ్యూరీ వయసు మగవాళ్ళలో నాలుగో వంతు నల్లవాళ్ళు. పదిహేనేళ్ళుగా ఒక్కడూ విచారణ జ్యూరీలో కూర్చోలేదు. మిగిలిన ఆరుగుర్నీ ప్రాసిక్యూటరు కొట్టేశాడు. కారణం అడగడానికి వీల్లేదంది కోర్టు. అది 1986లో బ్యాట్సన్ కేసు దాకా నడిచింది. అప్పట్నుంచీ జాతిని బట్టి కొట్టేశారని అవతలివాళ్ళు అభ్యంతరం చెప్తే కారణం చెప్పాలి. ఏదో ఒక కారణం చెప్తారు, చెప్పడానికేం? చూపు కలపలేదు, బద్ధకంగా కూర్చున్నాడు, వయసు తక్కువ..

జార్జియాలో 1987లో టిమొతీ ఫాస్టర్ అనే నల్లజాతి కుర్రాడి కేసులో ఇలాగే నలుగుర్ని తీసేసి, అంతా తెల్ల జ్యూరీతో మరణశిక్ష వేయించారు. నలుగురికీ చక్కగా కారణాలు చెప్పారు. దాదాపు ఇరవయ్యేళ్ళ తర్వాత ఫాస్టర్ లాయర్లు సమాచార చట్టం కింద ప్రాసిక్యూటరు ఫైలు తెప్పించారు. అందులో జ్యూరీ జాబితా ఉంది. నల్లజాతి వాళ్ళ పేర్లన్నీ ఆకుపచ్చ హైలైటరుతో పూసి ఉన్నాయి. పక్కన 'బి' అన్న అక్షరం. పై మూలన ఆకుపచ్చ రంగు దేనికి గుర్తో కూడా శ్రద్ధగా రాసుకున్నారు. డాక్యుమెంటేషను రాయడానికి బద్ధకించే మనబోటి వాళ్ళు సిగ్గుపడాలి. 2016లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 1935లో ఎర్ర రంగు, 2016లో ఆకుపచ్చ.

మళ్ళీ మన్రోవిల్‌కి వద్దాం. పాత కోర్టు ఇప్పుడు మ్యూజియం. ఏటా వసంతంలో ఊరివాళ్ళే ఈ కథని నాటకంగా వేస్తారు, విచారణ ఘట్టం ఆ పాత కోర్టు గదిలోనే. ఊరంతా మాకింగ్‌బర్డ్ బొమ్మలే. అదే మన్రోవిల్‌లో 1986లో డ్రైక్లీనింగు దుకాణంలో పనిచేసే ఒక తెల్లమ్మాయి హత్య జరిగింది. మరుసటేడు వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి కలప వ్యాపారిని పట్టుకున్నారు. హత్య జరిగిన సమయానికి ఇంటి దగ్గర బంధుమిత్రులతో చేపల వేపుడు చేస్తున్నాడు, చూసినవాళ్ళు బోలెడుమంది. విచారణని నల్లవాళ్ళు తక్కువున్న పక్క కౌంటీకి మార్చారు. జ్యూరీలో పదకొండు మంది తెల్లవాళ్ళు, ఒక్క నల్లజాతి మనిషి. ఒకటిన్నర రోజుల్లో ముగించారు. జ్యూరీ యావజ్జీవం చాలంటే, జడ్జి దాన్ని పక్కన పెట్టి మరణశిక్ష వేశాడు. ఆ జడ్జి పేరు రాబర్ట్ ఈ. లీ కీ. బానిసత్వం కోసం యుద్ధం చేసిన సేనాని పేరు. బ్రయన్ స్టీవెన్సన్ అనే కుర్ర లాయరు పట్టుబట్టి, సాక్షుల చేత అబద్ధాలు చెప్పించారని తేల్చి, 1993లో బయటికి తెచ్చాడు. ఆ కేసు కోసం ఆయన ఆ ఊరికి తిరుగుతుంటే, ఇది హార్పర్ లీ ఊరండీ అని గర్వంగా చెప్పేవాళ్ళట. మెక్‌మిలియన్ 2013లో పోయాడు. 2019లో ఆయన మీదా సినిమా వచ్చింది, 'జస్ట్ మెర్సీ'.

(ఇవన్నీ చదువుతుంటే మన ఊళ్ళ సంగతులు గుర్తురాక మానవు. అది ఇంకో టపాకి.)

మొత్తానికి ఈసారి ఉత్తరాలేం రాయించుకోకుండా వెళ్ళాను. ఉదయం ఎనిమిదింటికి పెద్ద హాలు, రెండొందల కుర్చీలు, వైఫై బాగానే ఉంది. సగంమంది లాప్‌టాప్‌ల్లో తలలు దూర్చేశారు. మనవాళ్ళ మొహాలు అయిదారు కనపడ్డాయి. ఒకాయనతో పరిచయం చేసుకుంటే, "డాక్టరు ఉత్తరం తెచ్చానండీ, ఇచ్చేసి వెళ్ళిపోదామని" అన్నాడు నడుం పట్టుకుని. ఏమనను? పదకొండింటికి మా బ్యాచ్‌ని పైకి పిలిచారు. నాకు తొమ్మిదో నంబరు కుర్చీ. ఏం పని చేస్తారు, ఇంట్లో ఎవరన్నా పోలీసులున్నారా, ఎప్పుడైనా నేరానికి గురయ్యారా.. ఒక్కొక్కళ్ళనే అడిగారు. కేసు వివరాలు రాయను.

తర్వాత లాయర్లు లేచి నంబర్లు చదవడం మొదలుపెట్టారు. మూడో నంబరు, థాంక్యూ. పదకొండు, థాంక్యూ. నాకిప్పుడు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది కదా, లెక్కపెట్టాను. నాకంటే ముందు నలుగుర్ని పంపించారు, వాళ్ళలో ఇద్దరు నల్లజాతి స్త్రీలు. ఒకామె నా పక్క కుర్చీలో పొద్దుట్నించీ స్వెట్టరు అల్లుకుంటూ కూర్చునుంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, కాబట్టి ఎవరూ కారణం చెప్పలేదు. కారణం మామూలుదే అయుండొచ్చు. ఆమె అల్లిక సంచీలో పెట్టుకుని, నా వంక చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. అయిదో 'థాంక్యూ' నాకే.

ఆఫీసు ఫోను ఆన్ చేసి చూస్తే రిలీజు మధ్యాహ్నం రెండింటికే అయిపోయిందట, ఒక్క బగ్గు కూడా లేకుండా.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి డైనింగు టేబుల్ మీద వ్యాసం రాసుకుంటోంది.

"నిన్నెందుకు పంపించేశారు నాన్నా?"

"చెప్పరమ్మా."

"నువ్వడగలేదా?"

"అడగడానికి ఉండదు."

కాసేపు పెన్ను కొరుక్కుంటూ ఆలోచించి, "అయితే చివరికి ఆ పన్నెండు మంది ఎవరు?" అంది. పేపరు ముక్క తీసుకుని పన్నెండు గడులు గీసి, గుర్తున్నంత వరకూ ఒక్కొక్కళ్ళనే చెప్పాను. నాలుగో కుర్చీలో ఎవరున్నారో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.